లెక్కలో ఒకడు తక్కువ

మూడో అంతస్తు వంటింట్లోంచి

మిరపకాయకి,

మీ వదిన రాస్తున్నది. బతికే ఉన్నాను. ఆ ముక్క ముందే రాసేస్తే మిగతాది నువ్వు కూర్చుని చదువుతావని రాశాను, లేకపోతే నిలబడే కళ్ళు పరిగెత్తిస్తావు.

మీ అన్న నా తలను గోడకేసి కొట్టిన రోజు కట్టుబట్టలతో బయటపడ్డాను కదా, అప్పటి నుంచి ఇళ్ళలో రోగులను చూసుకునే పని చేస్తున్నాను. ఒక ఏజెన్సీ వాళ్ళు కుదిర్చారు. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పడం. మంచాన పడ్డ మీ నాన్నకి చేసిన పనే. అప్పుడు కోడలినని చేశాను, ఇప్పుడు జీతానికి చేస్తున్నాను, తేడా అంతే.

ఎక్కడున్నానని మాత్రం అడక్కు. కిందటిసారి ఫోన్ వల్లే మీ అన్నకి దొరికిపోయాను, అందుకని ఇప్పుడు ఫోనే పెట్టుకోలేదు. ఉత్తరాలు ఈ కవరు మీదున్న మందుల షాపుకి రాయి. అక్కడి నుంచి నేనుండే చోటికి రెండు బస్సులు మారాలి. నేనూ మీ ఇంటికి రాయను, మీ యూనియన్ ఆఫీసుకే రాస్తాను.

ఇప్పుడు చూసుకుంటున్నది ఒక తాతని. ఒకప్పుడు జైల్లో వార్డరు. మతి పోయింది గానీ ఒంట్లో సత్తువ పోలేదు. పొద్దు వాలేసరికి తాళాల గుత్తి పట్టుకుని వీధి గుమ్మం దగ్గర నిలబడి ఖైదీలను లెక్కపెడతాడు. ఎప్పుడూ ఒకడు తక్కువే. "ఒకడు తక్కువ. ఎక్కడ దాచావే?" అని ఆ గుత్తితోనే నా వీపు మీద కొడతాడు. పెనం మీంచి పొయ్యిలో పడ్డానంటే నువ్వు నవ్వుతావు. కాకపోతే ఈయన కొట్టాక మర్చిపోతాడు, మీ అన్న గుర్తుపెట్టుకుని కొడతాడు.

తిడతావని తెలిసే ఈ సంగతి చివర్లో రాస్తున్నాను. మీ యూనియన్ వాళ్ళు మా చిరునామాలు ఇమ్మని ఏజెన్సీని అడిగారట. మీ వివరాలు బయటికి ఇవ్వొద్దనుకుంటే సంతకం పెట్టండని మేనేజరు మాకు కాగితాలు పంచాడు. అందరికంటే ముందు నేనే పెట్టాను. ఆ యూనియన్‌లో తిరిగేది నా మరదలని తెలిసే పెట్టాను. నువ్వు మా మేలు కోరి తలుపు తడతావు, కాదనను. కానీ లోపలున్నదానికి ఎవరు తట్టినా చప్పుడు ఒకేలా వినిపిస్తుంది.

మీ వదిన


యూనియన్ ఆఫీసు, సైకిల్ షాపు పైగది

వదినా,

ముందు ఏడ్చాను, తర్వాత తిట్టాను, ఇప్పుడు రాస్తున్నాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నువ్వేమో మొదటి సంతకం పెట్టి మరీ చెబుతున్నావు.

ఆ మేనేజరు నీ మీద ప్రేమతో దాస్తున్నాడనుకోకు. కోళ్ళను గంప కింద మూసేవాడు కూడా నక్క నుంచి కాపాడుతున్నాననే అంటాడు. ఎవరికీ తెలియని ఇంట్లో నిన్ను గుత్తితో కొడుతుంటే ఆ దాపరికం ఎవరికి పనికొస్తోంది చెప్పు. ఫ్యాక్టరీ అయితే గేటు ముందు నిలబడితే అందరూ కనిపిస్తారు. మీకు గేటు లేదు. ఒక్కొక్కరూ ఒక్కో ఇంట్లో, ఒకరి మొహం ఒకరికి తెలియదు. మీలో సగం మంది యూనియన్‌లో చేరతామని కార్డుల మీద సంతకాలు పెడితే తప్ప ఏజెన్సీ మాతో మాట్లాడదు. చిరునామాలు లేకుండా ఎక్కడని వెతకాలి?

అందుకని మేమే ఒక ఉపాయం కనిపెట్టాం. రోడ్డు మీద నడుస్తూ తలెత్తి చూస్తాం. ఏ బాల్కనీలో రోజూ రబ్బరు షీటు ఆరేసి ఉంటుందో ఆ ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉన్నట్టు, ఆ మనిషి పక్కన మన మనిషి ఉన్నట్టు. నవ్వకు, దీంతోనే చాలామందిని పట్టుకున్నాం.

ఆ షీట్లు ఊరికే చిరిగిపోతున్నాయని, యజమానులు తిడుతున్నారని మావాళ్ళు మొత్తుకుంటున్నారు. నాన్న షీటు నీ చేతిలో ఏళ్ళు ఆగింది కదా. ఎలా ఆరేసేదానివో రాయి, వాళ్ళకి చెబుతాను.

అన్నయ్య సంగతి నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నాను. ఊళ్ళో లేడు. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. నిశ్చింతగా ఉండు.

నీ మిరపకాయ


వంటింట్లోంచి, ఎడమ కన్ను మూసుకుని

మిరపకాయకి,

అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు. మొన్న తాత గుత్తి విసిరితే కనుబొమ చీలింది. రక్తం కంట్లోకి, నోట్లోకి కారుతుంటే ఒక చేత్తో నొక్కుకుని రెండో చేత్తో ఆయన్ని కూర్చోబెట్టాను. వదిలితే పడి తుంటి విరగ్గొట్టుకుంటాడు, అదీ నా నెత్తి మీదకే వస్తుంది. సాయంత్రం ఆయన కొడుకు వచ్చి చూసి, "నాన్నగారు తెలిసి చేస్తారా ఏంటండీ, కొంచెం దూరంగా ఉండాల్సింది" అన్నాడు. ఒళ్ళు తుడిచే పని దూరంగా ఉండి ఎలా చేస్తారో మాత్రం చెప్పలేదు.

మేనేజరుకి చెప్పాను. "రోగి ఇంట్లో జరిగింది బయట మాట్లాడకూడదమ్మా, వాళ్ళ గోప్యత ఉంటుంది కదా" అన్నాడు. నా గోప్యత కోసం సంతకం పెట్టాను, వాళ్ళ గోప్యత కోసం కనుబొమ ఇచ్చాను. నువ్వన్న కోళ్ళగంప మాట ఆ రోజంతా చెవిలో గింగురుమంది. అయినా చిరునామా ఇవ్వను. గంప ఎత్తితే బయట ఏముందో నాకు తెలుసు.

షీటు సంగతి. క్లిప్పులు పెట్టొద్దని చెప్పు, చిరిగేది అక్కడే. నాలుగు మూలలూ లోపలికి మడిచి, ఆ మడతకి పాత గుడ్డ పీలికతో జారుముడి వేసి తీగకి కట్టాలి. నీడపట్టున ఆరేయాలి. ఆరాక పౌడరు చల్లి చుట్టాలి, మడతపెట్టకూడదు.

ఇంకొక్క మాట. నీ ఉత్తరం మడతలో సిగరెట్టు నుసి ఉంది. నువ్వెప్పుడు మొదలుపెట్టావు?

మీ వదిన


యూనియన్ ఆఫీసు, తలుపు గడియ పెట్టుకుని

వదినా,

నీ కంటికో దణ్ణం. ఆ కాగితం ఇంటి నుంచి తెచ్చింది, నుసి అన్నయ్యది. అన్నయ్య ఇక్కడే ఉన్నాడు. అమ్మ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంటే కొడుక్కి కబురు పెట్టింది. వచ్చినవాడు కదల్లేదు. నీకు చెబితే ఉత్తరాలు మానేస్తావని దాచాను. కింద గదిలో ఉంటాడు, తాగుతాడు, నీ పేరెత్తడు. నీ ఉత్తరాలన్నీ ఆఫీసులోనే పెడుతున్నాను, ఒక్కటి కూడా ఇంటికి తీసుకెళ్ళలేదు, ఒట్టు.

కోపం తగ్గేలా ఒక మంచి మాట చెప్పనా. ఆఫీసు గది చాలక మొన్న మా మేడ మీద మీటింగ్ పెట్టాం. నీ ముడి అందరికీ నేర్పాను. పొడుగక్క అని ఒకావిడ ఉంది, గుమ్మం దాటాలంటే తల వంచాలి, అంత పొడుగు. చూడగానే పట్టేసింది. "ఇన్నేళ్ళకి పనికొచ్చే మాట చెప్పిన యూనియన్ ఇదొక్కటే" అని అక్కడికక్కడే కార్డు మీద సంతకం పెట్టింది. ఆమెని చూసి ఇంకా చాలామంది పెట్టారు. సగానికి దగ్గరపడ్డాం. ఇప్పుడు ఎక్కడ చూసినా నాలుగు మూలల ముడే. దానికి 'మా వదిన ముడి' అని పేరు కూడా పెట్టాను.

నీ మిరపకాయ


మందుల షాపు మెట్ల మీద కూర్చుని

నీ మేడ మీద నిలబడి "మా వదిన ముడి" అన్నావు. కింద గదిలో వాడున్నాడు.

నేను కట్టిన మీ నాన్న షీటుని సాయంత్రం విప్పి తెచ్చేది ఎవరనుకున్నావు? ఒకసారి ముడి బిగుసుకుని రాకపోతే ఆ తడి షీటుతోనే నా మొహం వాచేలా కొట్టాడు. ఆ ముడి వాడికి నీకంటే బాగా తెలుసు. తలెత్తి బాల్కనీలు చూసే ఉపాయం కూడా మేడ మీదే చెప్పావా?

ఇది అందగానే అందరి చేతా ముడులు విప్పించు. అందగానే.


ఆస్పత్రి వరండా

వదినా,

నీ ఉత్తరం అందేలోపే అయిపోయింది.

ఆ ఉపాయం కూడా మేడ మీదే చెప్పాను. వాడు వీధివీధీ తలెత్తుకుని తిరిగాడు. పొడుగక్క పనిచేసే ఇంటి బాల్కనీలో ముడి కనిపించింది. బెల్లు కొట్టి "యూనియన్ నుంచి వచ్చాను" అన్నాడు. ఆ మాట వినే ఆమె తలుపు తీసింది. లోపలికి దూరి గదులన్నీ వెతికి, మంచం కింద చూసి, "మా ఆవిడని ఎక్కడ దాచావు?" అని అడిగాడట. నీ ఆవిడ ఎవరో నాకేం తెలుసయ్యా అనేలోపే ఇనుప రాడ్డుతో దవడ మీద కొట్టాడు. పడ్డాక కూడా కొట్టాడు. మంచం మీదున్న ముసలావిడకి పక్షవాతం, చూస్తూ ఉంది గానీ అరవలేకపోయింది. పొడుగక్క దవడ రెండు చోట్ల విరిగింది. తీగలు వేసి బిగించారు. మాట్లాడలేదు, గొట్టంతో తాగుతోంది. ఇదంతా పోలీసులు వెళ్ళాక కాగితం మీద రాసి చూపించింది.

నేను ఇంటికి పరిగెత్తితే వాడు పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడు. కుక్కరు మూత చేతికందితే దాంతోనే వాడి నెత్తి మీద కొట్టాను. వాడు నా మెడ పట్టుకుని మెట్ల మీంచి తోశాడు. ముందుపళ్ళు రెండు పోయాయి.

పోలీసులు వచ్చారు, వెళ్ళారు. మా ఇంటి పేరు బయటికి రావడానికి వీల్లేదని ఆ ఇంటి యజమాని కేసు వద్దన్నాడు. పొడుగక్కేమో నోరు తెరవలేదు. ఏజెన్సీవాడు మాత్రం ఆ సాయంత్రానికే నోటీసు అంటించాడు, యూనియన్‌ని ఇంటికి రానిస్తే ఇదే గతి అని. మావాళ్ళు నా మొహం మీదే కార్డులు చించి పడేస్తున్నారు. వాళ్ళను ఏమననూ?

వాడు ఇంటికి రావడం లేదు. రాడ్డు పట్టుకుని తిరుగుతూనే ఉన్నాడట. వదినా, ఇంకో ఊరికి వెళ్ళిపో. నాకు కూడా చెప్పకుండా వెళ్ళిపో.

నీ మిరపకాయ


మూడో అంతస్తు వంటింట్లోంచి

మిరపకాయకి,

కోపంతో కొన్నాళ్ళు నీకు రాయలేదు. నోట్లో నువ్వుగింజ నానదని మీ అమ్మ నిన్ను ఊరికే అనలేదు.

కోపం దిగాక పొడుగక్క మీదే మనసు నిలిచిపోయింది. నాకు పడాల్సిన దెబ్బ ఆమెకి పడింది. నేను ఇంకో ఊరికి పారిపోతే ఇంకో బాల్కనీ, ఇంకొకామె. నేను ఎంత బాగా దాక్కుంటే వాడు అన్ని ఇళ్ళు వెతుకుతాడు. దాక్కోవడం అంటే నా ఒక్కదాని సంగతేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

అందుకని విను. అందరి చేతా ముడులు విప్పించావు కదా. షీట్లు కూడా లోపలే ఆరేసుకోమను. నాదొక్కటే బయట కడతాను, రోడ్డు వైపు బాల్కనీలో, పట్టపగలు, నాలుగు ముడులతో. ఊరంతా వెతికినా ఆ ముడి ఒక్కచోటే కనిపిస్తే వాడు ఎక్కడికి వస్తాడో నీకు చెప్పాలా. తాత కొడుకు పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వస్తాడు. ఆ మధ్యలో ఇంట్లో తాతా నేనూ తప్ప ఎవరూ ఉండరు.

నా చిరునామా వెనక పేజీలో రాశాను. ఏజెన్సీ ఇచ్చింది కాదు, నువ్వు తలెత్తి కనిపెట్టింది కాదు, నా చేత్తో నేనిస్తున్నాను. బరువైన మగరోగులను తిప్పడం అలవాటున్నవాళ్ళను పంపు. ఎవరినీ బలవంతపెట్టకు. పొడుగక్క వస్తానంటే ఆపకు.

నువ్వు మాత్రం రావద్దు. వాడు నీ తోడబుట్టినవాడు. ఆ క్షణంలో నీ చెయ్యి ఎటు లేస్తుందో నీకే తెలియదు, అది తెలుసుకునే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. నీకు మనసొప్పకపోతే ఈ ఉత్తరం చించెయ్యి. ఎవరూ రాకపోతే అర్థం చేసుకుంటాను.

మీ వదిన


ఇంటి నుంచి, ఎడమ చేత్తో

వదినా,

చించలేదు. చిరునామా నోటికి వచ్చేదాకా చదివి వెనక పేజీ కాల్చేశాను. ఏడుగురు వస్తారు, పొడుగక్కతో కలిపి. ఒక్కొక్కరికీ చెవిలో చెప్పాను. కానీ వాళ్ళు డ్యూటీలు మార్చుకుని చేరేసరికి నాలుగైదు రోజులు పడుతుంది, వాళ్ళు వచ్చేదాకా షీటు బయట కట్టకు.

నిన్న వాడు ఇంటికి వచ్చాడు. నీకు తెలుసు, చెప్పు అన్నాడు. తెలియదన్నాను. స్టవ్ వెలిగించి నా కుడి అరచెయ్యి దాని మీద పెట్టి పట్టుకున్నాడు. వదినా, నీ ఇంటి నంబరు నా నాలుక చివరే ఉంది. అరిస్తే అరుపుతో పాటు అదీ బయటికి వచ్చేస్తుందేమోనని నాలుక కొరుక్కున్నాను. నోరంతా రక్తమే. మా అమ్మ మాట తప్పయింది, నా నోట్లో నువ్వుగింజ నానింది.

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆపలేదు. వాడు వెళ్ళాక మాత్రం తలుపు గడియ వేసి, ఇక ఈ తలుపు వాడికి తియ్యను అంది. అంతే అంది.

ఆ ఇంట్లో ఏం జరిగినా నాకు దాచకుండా రాయి. నేను నీకు దాచి చేసిందే చాలు.

మిరపకాయ


ఎముకల వార్డు, కిటికీ పక్క మంచం

మిరపకాయకి,

మీ అన్న బతికే ఉన్నాడు. ఆ ముక్క ముందే రాస్తే మిగతాది నువ్వు కూర్చుని చదువుతావని.

ఏడుగురూ పొద్దున్నుంచి ఒక్కొక్కరే వచ్చారు, డ్యూటీకి వచ్చినట్టే భుజాన సంచులు వేసుకుని. తాత ఈసారి పొద్దు వాలకుండానే ప్రతి ఒక్కరినీ గుమ్మం దగ్గర లెక్కపెట్టి లోపలికి పంపాడు. "ఒకడు తక్కువ" అని నన్ను ఒకటి వేశాడు కూడా. రోడ్డు వైపు షీటు కట్టి వచ్చి కూర్చున్నాను. మధ్యాహ్నం బెల్లు మోగింది.

"యూనియన్ నుంచి" అన్నాడు. గొంతు మార్చి అన్నాడు. పెళ్ళాం గుర్తుపట్టదనుకున్నాడు కాబోలు. తలుపు తీశాను.

నన్ను చూశాడు. రాడ్డు ఎత్తి కొట్టాడు. తల తప్పించుకుంటే భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. కింద పడ్డాను. రెండోసారి ఎత్తేలోపు ఒకావిడ తలుపు మూసింది, మిగతావాళ్ళు వెనక నుంచి అందుకున్నారు.

మేం రోజూ చేసే పనే. భుజాల దగ్గర ఇద్దరు, తొడల దగ్గర ఇద్దరు, తల దగ్గర ఒకరు. ఒకటి, రెండు, మూడు అనగానే తిప్పేశారు. నేల మీద పరిచిన రబ్బరు షీట్ల మీదికి బోర్లా పడ్డాడు. గింజుకునే రోగిని మణికట్టు దగ్గర పట్టుకోకూడదు, మోచేతి పైన, మోకాలి పైన పట్టుకోవాలి. తల దగ్గరున్నామె వేలు కొరికితే ముక్కు మూసింది. మందు మింగని మొండి రోగులకి చేసేదే అది, నోరు అదే తెరుచుకుంది.

అప్పుడు పొడుగక్క వాడి రాడ్డు తీసుకుంది. వాణ్ణి వెల్లకిలా తిప్పమని చేత్తో చెప్పింది. తిప్పారు. నా వంక చూసింది. నేను వద్దనలేదు. మిరపకాయా, నేను వద్దనలేదు, అది నీకు తెలియాలి. దవడ మీద ఒకే ఒక్కటి కొట్టింది. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తోంది. తప్పా ఒప్పా అని నన్ను అడక్కు. ఆమెనే అడుగుదువు గాని, తీగలు తీశాక.

షీట్లు చుట్టి, నాలుగు మూలలూ మడిచి ముడులు వేశారు. మూడు అంతస్తులూ దించి, పట్టపగలు నడివీధిలో మోసుకుంటూ స్టేషన్‌కి తీసుకెళ్ళారు. నేను విరిగిన భుజం పట్టుకుని ముందు నడిచాను. ఎన్ని బాల్కనీల్లోంచి మావాళ్ళు చూశారో. స్టేషన్‌లో పోలీసాయన ఎప్పటిలాగే, "ఏ ఇంట్లో జరిగింది? ఇంటివాళ్ళు కేసు ఒప్పుకున్నారా?" అన్నాడు. "నా ఒంటి మీద జరిగింది, నేను ఒప్పుకుంటున్నాను, రాసుకోండి" అని నా పేరూ చిరునామా పదిమందికీ వినిపించేలా చెప్పాను. ఎన్నాళ్ళయిందో నా పేరు నేను గట్టిగా చెప్పుకుని. వాడి మీద రాశారు, కొట్టినందుకు మా మీదా కేసు రాశారు. రాయనీ.

సాయంత్రానికి ఏజెన్సీ నన్ను తీసేసింది. చిరిగిన కార్డులు మళ్ళీ కొత్తగా వస్తున్నాయని పొడుగక్క కాగితం మీద రాసి చూపించింది. నాదీ పంపుతున్నాను. ఒక షరతు. ఎవరి చిరునామా అయినా వాళ్ళనే అడగండి, వాళ్ళు చెప్పిన చోటే కలవండి. ఏజెన్సీ గంప కింద మూయొద్దు, మీరు గంప ఎత్తి పారెయ్యొద్దు. తలెత్తి చూడటం మానెయ్యండి. కొట్టే రోగి ఉన్న ఇంటికి ఒంటరిగా ఎవరినీ పంపకూడదని కూడా రాయించండి.

ఇక్కడ నా కిందా రబ్బరు షీటే. క్లిప్పులు పెట్టి ఆరేస్తున్నారు, చెప్పినా వినరు. నువ్వు రాలేదు. రమ్మని అనను, వాడు నీ అన్న, నీ ఏడుపు నీకు ఉంటుంది. వాడు నాకేమీ కాకపోయినా నువ్వు నా మరదలివే. ఎప్పుడైనా రావాలనిపిస్తే తలుపు తట్టే పని లేదు, వార్డుకి తలుపు లేదు.

పోలీసులకి చెప్పనిది ఒకటి మిగిలింది. వాణ్ణి మూటగా ఎత్తినప్పుడు తాత గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు, గుత్తి పట్టుకుని. ఎవరమూ కదల్లేదు. ఆయన మమ్మల్ని లెక్కపెట్టాడు. మూట దగ్గర వంగి వాడి మొహం చూశాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. అలవాటుగా తల దాచుకున్నాను. ఆయన కొట్టలేదు. నా చెయ్యి తీసుకుని తాళాల గుత్తి అందులో పెట్టి, "లెక్క సరిపోయింది, ఇక నువ్వు ఇంటికి పో" అన్నాడు.

మీ వదిన